స్త్రీల లైంగిక ఆరోగ్య ప్రశ్నావళి: ఉన్నదాన్ని తెలుగు చేసుకోవాలా, కొత్తది రాసుకోవాలా?

ఈ పనిలో దిగినవాళ్లకు ముందు చేతికొచ్చేది 2000లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఐ, అంటే స్త్రీల లైంగిక పనితీరును కొలిచే ఇంగ్లీషు ప్రశ్నావళి. 19 ప్రశ్నలు, గడిచిన నాలుగు వారాల గురించి: కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి. మొత్తం 36 మార్కులు. 26.55 గానీ అంతకు తక్కువ గానీ వస్తే సమస్య ఉండొచ్చని లెక్క. చాలా భాషల్లోకి వెళ్లింది కాబట్టి మన ఫలితాలను ఇతరుల వాటి పక్కన పెట్టి చూసుకోవచ్చు. సొంతంగా రాసుకుంటే ఆ సుఖం ఉండదు. స్త్రీలతో మాట్లాడి ప్రశ్నలు తీయడం, చాలామందితో నింపించి పనికిరానివి ఏరేయడం, మిగిలినవాటిని ఇంకో గుంపు మీద పరీక్షించడం... ఏళ్ల పని.

అలాగని తెలుగు చేయడం తేలికేం కాదు. 'ఉద్రేకం' అంటే కొందరికి కోపం, ఆవేశం. తిరిగి ఇంగ్లీషులోకి చేయించి చూసినా తప్పు బయటపడకపోవచ్చు, ఎందుకంటే అనువాదకుడికి విషయం ముందే తెలుసు. ప్రశ్న చదివించి, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగితేనే దొరుకుతుంది. పైగా తెలుగులోనూ ఆ గీత 26.55 దగ్గరే ఉంటుందని అనుకోకూడదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం సున్నా. 19లో 15 ప్రశ్నలకు 'లైంగిక చర్య లేదు' అనో, 'కలయికకు ప్రయత్నించలేదు' అనో ఒక జవాబు ఉంది, దానికి సున్నా మార్కులు. ఆ నెలంతా భర్త ఊళ్లో లేని మనిషి నింపిందనుకోండి. మిగతా నాలుగింటికి పూర్తి మార్కులు వచ్చినా మొత్తం 10 దాటదు. ఏ జబ్బూ లేకుండానే రోగుల లెక్కలో పడిపోయింది! ఎంత బాగా తెలుగు చేసినా ఇది పోదు. అలాంటివాళ్ల మార్కులను విడిగా పెట్టాలి.

అందుకే దీనికి జోడీగా ఎఫ్‌ఎస్‌డీఎస్-ఆర్ పెట్టమంటాను, అది లైంగిక జీవితం వల్ల మనసు పడే బాధను కొలిచే ప్రశ్నావళి. 13 ప్రశ్నలే, అన్నీ దిగులు, అపరాధభావం, చిరాకు లాంటివాటి గురించి. 11 గానీ అంతకు ఎక్కువ గానీ వస్తే మనసుకు బాధ ఉన్నట్టు. కోరిక తక్కువైనా టెన్షన్ లేని మనిషిని ఇది రోగి అనదు.

కాబట్టి నా ఓటు అనువాదానికే, హక్కుదారుల అనుమతి తీసుకుని. ప్రసవం తర్వాత కలయికంటే భయం లాంటి విషయం ఈ రెండిట్లోనూ సరిగా దొరక్కపోతే, ఆ ముక్క వరకు కొత్త ప్రశ్నలు రాయండి. పాతవాటితో కలిపి ఒకేసారి నింపించి, రెండు వారాలాగి అదే మనుషులతో మళ్లీ నింపించండి. పరిస్థితి మారకపోయినా జవాబులు మారిపోతుంటే, తప్పు ప్రశ్నలో ఉందేమో చూడాలి.