కొత్త రౌటర్‌కి ప్రింటర్: పాత పేరు, డబ్ల్యూపీఎస్, లాన్ వైరు – ఏది మేలు?

నెట్ కనెక్షన్ మారింది, కొత్త రౌటర్ వచ్చింది. ఫోన్లు, టీవీ పది నిమిషాల్లో ఎక్కేశాయి. ప్రింటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది. దానికి ఏ రోగమూ లేదు. దాని మెమరీలో పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి, ఆ పేరు ఇప్పుడు ఇంట్లో ఎక్కడా దొరకడం లేదు. ఈ సంగతి తెలియక చాలామంది డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించడంతో మొదలుపెడతారు. గంట పోతుంది, ప్రింటర్ కదలదు. దాన్ని నెట్‌వర్క్‌లోకి తెచ్చే దారుల్లో ముఖ్యమైనవి మూడు.

పాత పేరునే కొత్త రౌటర్‌కి పెట్టడం

లాన్ పోర్ట్ (నెట్ వైరు గుచ్చే చోటు) లేని ప్రింటర్లకు నేను మొదట చెప్పేది ఇదే. ప్రింటర్‌ని ముట్టుకోనక్కర్లేదు. బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరవండి. జియోఫైబర్ అయితే 192.168.29.1, మిగతావాటిలో ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. లాగిన్ వివరాలు చాలావరకు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. రౌటర్ వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో ఇస్తుంది; వైఫై సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చినా, పేరు చివర ఒక్క ఖాళీ మిగిలినా అది ప్రింటర్‌కి వేరే పేరే.

సెక్యూరిటీ (వైఫైకి తాళం వేసే పద్ధతి) దగ్గర డబ్ల్యూపీఏ2-పీఎస్కే, ఏఈఎస్ ఎంచుకోండి. కొత్త రౌటర్‌లో దానికన్నా కొత్తదైన డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత ప్రింటర్లు దానితో మాట్లాడలేవు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా కనెక్ట్ కావు. డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉండే మిక్స్‌డ్ మోడ్‌లో కూడా కొన్ని మొరాయిస్తాయి.

ఈ పద్ధతిలో ప్రింటర్‌తో పాటు సీసీ కెమెరా, స్మార్ట్ ప్లగ్గు అన్నీ వాటంతటవే తిరిగొస్తాయి. లోపం ఒక్కటే: పాత పాస్‌వర్డ్ తెలిసిన వాళ్లందరికీ కొత్త రౌటర్ కూడా తెరిచినట్టే. పై వాటాకీ, పక్కింటికీ ఇచ్చి ఉంటే ఈ దారి వద్దు. ఇంకో జాగ్రత్త, పాత రౌటర్ స్విచ్ తీసేయండి. ఒకే పేరుతో రెండూ వెలుగుతుంటే ప్రింటర్ నెట్ లేని పాతదానికే అతుక్కుపోవచ్చు.

డబ్ల్యూపీఎస్ లేదా ప్రింటర్ మెనూ

పేరూ పాస్‌వర్డూ మార్చాలనుకుంటే ప్రింటర్‌కి కొత్తవి నేర్పాలి. స్క్రీన్ ఉన్న ప్రింటర్‌లో వైర్‌లెస్ సెటప్‌లోకి వెళ్లి పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టడం నిక్కచ్చి పద్ధతి. స్క్రీన్ లేని వాటికి, ఎప్సన్ ఎల్3250 లాంటి వాటికి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్లు నొక్కి కలిపే పద్ధతి) హాయి. రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ వైఫై బటన్‌ని దాని లైట్ మిణుకుమనే దాకా నొక్కి పట్టుకోవాలి. ఆ రెండు నిమిషాలు దాటితే మళ్లీ మొదటికే. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టిన రౌటర్‌లో డబ్ల్యూపీఎస్ పనిచేయదు. కొన్ని రౌటర్లలో ఆ బటనే ఉండదు. అప్పుడు కంపెనీ యాప్‌తో ఫోన్ నుంచి చేయాలి.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది బ్యాండ్ దగ్గర. ఎల్3250 సహా ఇళ్లలో వాడే చాలా ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. కొత్త రౌటర్ తరచూ రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో చూపిస్తుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది, యాప్ అదే నెట్‌వర్క్‌ని ప్రింటర్‌కి ఇవ్వబోయి విఫలమవుతుంది. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌ని ఐదు నిమిషాలు ఆపి, ప్రింటర్ ఎక్కాక మళ్లీ వేయండి. అతిథుల కోసం విడిగా పెట్టే గెస్ట్ వైఫైకి మాత్రం కలపకండి. అందులో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డు ఉంటుంది.

లాన్ వైరు

ప్రింటర్‌కి లాన్ పోర్ట్ ఉంటే పైవన్నీ పక్కన పెట్టండి. హెచ్‌పీ లేజర్ మోడల్ పేరు చివర ‘ఎన్’ ఉంటే లాన్, ‘డబ్ల్యూ’ ఉంటే వైఫై, ‘డి’ ఉంటే రెండువైపులా ప్రింట్. క్యాట్ 5ఈ వైరు ఒక కొస ప్రింటర్‌కి, ఇంకో కొస రౌటర్‌లో లాన్ అని రాసిన పోర్ట్‌కి. వ్యాన్ అని ఉన్నదానికి కాదు. పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు, బ్యాండ్ గొడవ లేదు. రేపు రౌటర్ మళ్లీ మారినా వైరు గుచ్చితే చాలు. వైరు పెట్టగానే చాలా ప్రింటర్లలో వైఫై దానంతటదే ఆగిపోతుంది, కంగారు పడొద్దు. ఇబ్బందల్లా రౌటర్ హాల్లో, ప్రింటర్ లోపలి గదిలో ఉన్నప్పుడే. దూరానికి 100 మీటర్ల దాకా పరిమితి ఉంది కాబట్టి ఇంట్లో సమస్య పొడవు కాదు, గోడ. తలుపు కింద నలిగే వైరు కన్నా వైఫైయే నయం.

రౌటర్ వెనక యూఎస్‌బీకి ప్రింటర్ తగిలిద్దామన్న ఆలోచన మానుకోండి. చాలా రౌటర్లలో అది పెన్‌డ్రైవ్ కోసమే. ప్రింట్‌కి పనికొచ్చే వాటిలోనూ స్కానింగ్ నమ్మకంగా సాగదు. రౌటర్ లేకుండా ఫోన్‌ని నేరుగా ప్రింటర్‌కి కలిపే వైఫై డైరెక్ట్ అప్పుడప్పుడూ ఒక కాగితానికి సరిపోతుంది.

కలిసింది, అయినా ప్రింట్ రాదు

ఏ దారిన వచ్చినా అసలు చిక్కు తరచూ ఇక్కడే, అడ్రస్ దగ్గర. పాత రౌటర్‌లో ప్రింటర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, 192.168.0.105 అనుకుందాం. కొత్తది జియోఫైబర్. ఇప్పుడు ఇల్లంతా 192.168.29తో మొదలవుతుంది. ప్రింటర్‌లో ఎవరైనా ఐపీని చేత్తో పెట్టి ఉంటే అది పాతదాన్నే పట్టుకు కూర్చుంటుంది. వైఫై లైట్ నిలకడగా వెలుగుతూనే ఉంటుంది, ఒక్క పేజీ రాదు. నెట్‌వర్క్ స్టేటస్ పేజీ ప్రింట్ తీసి ఐపీ చూడండి. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ రౌటర్‌తో కలవకపోతే ప్రింటర్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ తీసి ఆటో పెట్టండి.

తర్వాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌కి (ఏ పరికరానికి ఏ ఐపీ అని ఖాయం చేసే చోటు) వెళ్లి ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే దాని మారని గుర్తింపు నంబర్‌కి, ఒక ఐపీ కట్టేయండి. ప్రింటర్‌లో చేత్తో ఐపీ పెట్టడం కన్నా ఇది ఎంతో మేలు. అడ్రస్ రౌటర్ ఇస్తుంది కాబట్టి ఇంకో పరికరంతో తగాదా రాదు.

విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ చూడండి. అక్కడ తరచూ పాత ఐపీయే ఉంటుంది. కొత్త ఐపీతో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఒకటి జోడించి దానికి టిక్ పెట్టండి, డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు. కొత్త ఐపీ కొడితే ప్రింటర్ పేజీ బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నా ఆఫ్‌లైన్ అనే వస్తుంటే అదే పోర్ట్ కాన్ఫిగర్‌లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (విండోస్ ప్రింటర్ స్థితిని అడిగే పద్ధతి) టిక్ తీసేయండి.

కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బా ఉండగా దాని వెనక ఇంకో రౌటర్ కొని పెట్టిన ఇళ్లలో ప్రింటర్ ఒకదానికి, ల్యాప్‌టాప్, ఫోన్ రెండోదానికి ఎక్కవచ్చు. అప్పుడు వాటికి ప్రింటర్ కనబడదు, ఎందుకంటే వెతికే పిలుపు రౌటర్ దాటి అవతలికి పోదు. సొంత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి (విడి నెట్‌వర్క్ పెట్టకుండా డబ్బా నెట్‌వర్క్‌నే వైఫైలో ఇచ్చేది) మార్చండి. లేదా డబ్బాలో వైఫై ఆపేసి ప్రింటర్‌తో సహా అన్నిటినీ సొంత రౌటర్‌కే ఎక్కించండి.