‘జల్సాఘర్’ చూసి మావాళ్లు పోట్లాడుకున్నారు

సత్యజిత్ రాయ్ 1958లో తీసిన బెంగాలీ సినిమా ‘జల్సాఘర్’ (కచేరీ గది అని అర్థం) గొప్ప సినిమా అని అందరూ అంటారు. చూసినవాళ్లని ఇంతలా తగువు పెడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మాది ఖరగ్‌పూర్. తాతగారు రైల్వే పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, అందుకని బెంగాలీ మాకు దాదాపు ఇంటి భాషే. పక్కింటి దాదావాళ్ల (బెంగాలీలో దాదా అంటే అన్న) హాల్లో టీవీకి స్పీకర్లు తగిలించి చూశాం. మా రెండు కుటుంబాలతో పాటు వీధి చివర తబలా మాస్టారు కూడా వచ్చారు.

కథ తారాశంకర్ బందోపాధ్యాయ్‌ది. ఆస్తి కరిగిపోతున్నా ఇంట్లో కచేరీలు మానని ముసలి జమీందారు విశ్వంభర్ రాయ్‌గా ఛబి బిశ్వాస్ వేశారు. పాడేవాడు కాదు, వినేవాడు. పొరుగున ఉండే వడ్డీ వ్యాపారి కొడుకు మహిమ్ గంగూలీతో పోటీ. ఆ పంతం కొద్దీ పెట్టిన కచేరీకి రమ్మని కబురు పంపితే, వస్తున్న భార్యా కొడుకూ తుఫానులో పడవ మునిగి పోతారు. అక్కడే దాదా భార్య, మా బౌది (వదిన), చటుక్కున లేచింది. “ఈ మనిషి మీద నేను జాలిపడాలా?” అంటూ వంటింట్లోకి వెళ్లి, టీ పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుంది.

దాదాకి జమీందారు అంటే జాలే. ఆ మేడ, ఆ షాండ్లియర్, ఆ దర్జా అంతా పోయిందని ఆయన బాధ. షూటింగ్ జరిగిన నిమ్‌తితా రాజ్‌బాడీ (జమీందారు మేడ) ముర్షిదాబాద్ జిల్లాలోదని మూడుసార్లు చెప్పారు. తబలా మాస్టారికి ఇవేవీ పట్టలేదు. బేగం అఖ్తర్ పాడినంతసేపూ కళ్లు మూసుకున్నారు, రోషన్ కుమారి కథక్ మొదలవగానే తొడ మీద తాళం. ఛబి బిశ్వాస్‌కి అసలు సంగీత జ్ఞానమే లేదని సత్యజిత్ రాయ్ చెప్పేవారట అంటే, నమ్మనన్నారు.

ఆ నాట్యం అయ్యాక మహిమ్ డబ్బు ఇవ్వబోతాడు. జమీందారు చేతికర్రతో అతని చెయ్యి ఆపి, మొదటి బహుమానం ఇచ్చే హక్కు ఇంటి యజమానిదని గుర్తుచేసి, ఉన్న ఆఖరి సొమ్ము ఇచ్చేస్తాడు. మా ఆయన ఎన్టీఆర్ సినిమాకొచ్చినట్టు ఈల వేశారు! మాస్టారు గుర్రుమన్నారు గానీ, నాకు ఆ ఈల సబబే అనిపించింది. అప్పటిదాకా తిట్టుకున్న మనిషి వైపు మనం కూడా ఒక్క నిమిషం వెళ్లిపోతాం. విలాయత్ ఖాన్ సంగీతం పనే అది, నేనైతే బౌది పక్షం అయినా సరే.

మొదటి అరగంట నెమ్మది, ఓపిక పట్టాలి. ఫోన్లో చూడొద్దు, సుర్‌బహార్ (సితార్ లాంటి మంద్రస్వర వాద్యం) కింది స్వరాలు వినిపించవు.

అయిపోయాక మావాడు, పదో తరగతి, ఒకటే అడిగాడు: “ఆ నౌకరు అనంతకి జీతం ఎవరిచ్చారు?” దానికి దాదా దగ్గర జవాబు లేదు. బౌది మాత్రం వాడికి ఇంకో సందేశ్ మిఠాయి పెట్టింది.