కొలిమి బొగ్గు బస్తా: కొనే ముందు ఒక్క గ్రాము కాల్చి చూడండి

కొలిమి కోసమని అమ్మే బిటుమినస్ అనే నడిమి రకం రాక్షసి బొగ్గుకి మా ఓటు. అయితే బస్తా తాజాగా ఉండాలి, ఆ షరతు చిన్నదేమీ కాదు.

బొగ్గు ఒట్టి కార్బన్ గడ్డ కాదు. అందులో బెంజీన్ తరహా కార్బన్ పరమాణువుల వలయాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఆ గుంపుల్ని మిథిలీన్, ఈథర్ అనే చిన్న రసాయన వంతెనలు కలిపి ఉంచుతాయి. 350–400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ వంతెనలు తెగడం మొదలవుతుంది. తెగిన కొసలకు బొగ్గులోని హైడ్రోజన్ అందితే అవి మళ్ళీ అతుక్కోవు. అప్పుడు పలుకులన్నీ మెత్తబడి జిగురుముద్దవుతాయి, లోపలి వాయువులు దాన్ని పొంగిస్తాయి. 500 డిగ్రీల దరిదాపుల్లో ముద్ద గట్టిపడి, బుడగలు నిండిన కోక్‌గా మారుతుంది. కొలిమికి కావలసింది ఈ కోకే. నిప్పు మీద గూడు కట్టి వేడిని లోపలే నిలుపుతుంది.

గోధుమరంగు మెత్తని బొగ్గయిన లిగ్నైట్ ఇలా కరగదు. అందులో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి మెత్తబడక ముందే కొత్త బంధాలు పడి బిగుసుకుపోతుంది. అన్నిటికన్నా గట్టి బొగ్గయిన ఆంత్రసైట్‌లో తెగడానికి వంతెనలే తక్కువ. వేడి బాగానే ఇస్తుంది కానీ గాలి ఆపితే నిప్పు త్వరగా చల్లారుతుంది.

బస్తా మీది పేరు కన్నా మూస (వేడికి తట్టుకునే చిన్న గిన్నె) పరీక్షను నమ్మండి. మెత్తగా నూరిన బొగ్గు 1 గ్రాము మూతున్న సిలికా మూసలో వేసి, రెండున్నర నిమిషాల్లో 820 డిగ్రీలకు తేవాలి. మూత తీస్తే పొడి పొడిగానే ఉందా, మార్కు 0. పుట్టగొడుగులా పొంగి, వేలితో నొక్కినా చెదరని బూడిదరంగు ముద్ద వచ్చిందా, అది మంచి బొగ్గు. పై మార్కు 9. నెలల తరబడి ఎండకీ గాలికీ వదిలేసిన బొగ్గు ఆక్సిజన్ పీల్చుకుని ఈ పొంగే గుణాన్నే ముందు పోగొట్టుకుంటుంది. పైకి చూస్తే తేడా పెద్దగా కనిపించదు. మేం మార్కులు తగ్గించేది ఇక్కడే: చాలా బస్తాల మీద తవ్విన తేదీ ఉండదు.

వాడేటప్పుడు బఠాణీ గింజంత పలుకుల్ని తడిపి నిప్పు చుట్టూ పేర్చండి, నడిమిలో వేయొద్దు. పచ్చి బొగ్గు నుంచి వచ్చే పసుపు పొగ కాలని తారే. గాలి కాస్త పెంచితే అది మంటందుకుంటుంది. పలుకుల్లో ఇత్తడిలా మెరిసే చారలుంటే అది పైరైట్. వేడికి గంధకం వదులుతుంది, ఇనుము అతుకు పట్టదు. కరిగిన బూడిద అడుగున చిట్టెం కడితే, బ్లోయర్ ఆపి కొన్ని నిమిషాలు ఆగండి. గట్టిపడ్డాక కొక్కెంతో ఒక్క ముక్కగా పైకొస్తుంది.