ఇరవై ఏడు డాలర్ల ఫ్లాప్ మోటారు: పద్నాలుగు నెలల వాడకం తరువాత

డాలస్ పక్కన ప్లేనోలో జూన్ నెల మధ్యాహ్నం ఏసీ లేని కారులో పది నిమిషాలు కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడి తెలుగువారికి నేను చెప్పనక్కర్లేదు. కిందటేడు సరిగ్గా ఆ రోజుల్లోనే మా పాత ఎస్‌యూవీలో ఒక వింత మొదలైంది. పక్క సీటులో మా ఆవిడ చలికి చున్నీ కప్పుకుని కూర్చుంటే, నా వైపు మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి కొట్టేది. బండి స్టార్టు చేసిన ప్రతిసారీ స్టీరింగుకు కుడిపక్కన, డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో, ఎవరో వేలిగోటితో ప్లాస్టిక్ డబ్బాను మీటుతున్నట్టు పది పన్నెండు సార్లు టక్ టక్ మని చప్పుడు వచ్చి ఆగిపోయేది. గ్యారేజీవారు చూసి, ఏసీ గాలిని మళ్ళించే తలుపును తిప్పే చిన్న మోటారు మార్చాలి, 540 డాలర్లవుతుందన్నారు. అందులో విడిభాగం ధర 95 డాలర్లు, తక్కినదంతా పనికూలి. అదే విడిభాగాన్ని వేరే కంపెనీవారు తయారుచేసి ఆన్‌లైన్‌లో 27 డాలర్లకు అమ్ముతున్నారు. నేను కొని స్వయంగా బిగించుకున్నది ఆ 27 డాలర్ల సరుకునే.

పెట్టె మీద యాక్చుయేటర్ అని రాసి ఉంటుంది; హైదరాబాదులో మెకానిక్కులు ఫ్లాప్ మోటారు అనడం విన్నాను, నాకు ఆ మాటే నచ్చింది. డ్యాష్‌బోర్డు వెనుక ఉండే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో ఫ్యాను తోసిన గాలి ముందుగా ఏసీలో చల్లబరిచే భాగమైన ఎవాపరేటర్ గుండా పోయి చల్లబడుతుంది. ఆ తరువాత దానిలో ఎంత భాగం గాలిని వేడిచేసే హీటర్ కోర్ మీదుగా వెళ్ళాలో, ఎంత భాగం దాన్ని తప్పించుకుని నేరుగా మన మీదికి రావాలో తేల్చేది ఒక ప్లాస్టిక్ తలుపు. చాలా బళ్ళలో ఇంజను వేడినీరు ఎండాకాలంలో కూడా హీటర్ కోర్ గుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఈ తలుపు వేడివైపు ఇరుక్కుపోయిందంటే కంప్రెసర్ ఎంత కష్టపడినా ఫలితం ఉండదు. రెండు వైపులా వేర్వేరు ఉష్ణోగ్రతలు పెట్టుకునే మా బండి వంటి వాటిలో ఇటువంటి తలుపులు రెండుంటాయి. గాలిని ముఖానికో, కాళ్ళకో, అద్దానికో మళ్ళించే తలుపు వేరు, బయటి గాలినో లోపలి గాలినో తీసుకునే తలుపు వేరు. ఒక్కొక్కదాన్నీ తిప్పేందుకు అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దదైన ఒక మోటారు ఉంటుంది.

కొనేముందు చేసుకోవలసిన పరీక్ష ఒకటుంది. ఏసీలో గ్యాసు తగ్గినా ఇటువంటి బళ్ళలో ఒకవైపు చల్లగా, మరొకవైపు వెచ్చగా రావడం మామూలే, కనుక రెండు వైపులా తేడా ఉన్నంత మాత్రాన తప్పు మోటారుదేనని తీర్మానించకూడదు. నేను నా వైపు ఉష్ణోగ్రతను అన్నిటికన్నా కిందికీ, ఆపై అన్నిటికన్నా మీదికీ తిప్పి, వంటింటి థర్మామీటరును డ్యాష్‌బోర్డు మీద గాలి వచ్చే గ్రిల్లులో పెట్టి చూశాను. ఎటు తిప్పినా 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉండిపోయింది. పక్క సీటు వైపు 46 చూపింది. గ్యాసు తగ్గి ఉంటే మీదికి తిప్పినప్పుడైనా వేడి పెరిగి ఉండేది. కదలని తలుపు, దానికి తోడు ఆ టక్ టక్ చప్పుడు, రెండూ కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఆ రోజుల్లో మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ముందు సాకెట్ రెంచి పట్టుకోవడమంటే పరీక్ష హాలులో కూర్చోవడం లాంటిదే. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, ఎయిర్‌బ్యాగుల సంగతి ఉంది కనుక పావుగంట ఆగి, స్టీరింగు కింది ప్యానెల్ తీసి, యాక్సిలరేటర్ పెడల్ పక్కన తల పెట్టి వెల్లకిలా పడుకున్నాను. మోటారును పట్టి ఉంచేవి 5.5 మిల్లీమీటర్ల తల ఉన్న రెండు స్క్రూలు. మొదటిది చేతికి అందుతుంది, రెండవది కంటికి కూడా కనిపించదు, వేలితో తడిమి సాకెట్‌ను ఆనించవలసిందే. ఇరుకుచోట సాకెట్‌ను తిప్పే చిన్న రాట్చెట్ పిడి లేనివారు ఈ పనికి దిగవద్దు. పాత మోటారు ఊడి చేతికి రాగానే కొత్తది అందుకోబోతుంటే నాన్నగారు, "ఆగరా, ముందు ఆ తలుపు ఇరుసు బాగుందో లేదో తిప్పి చూడు," అన్నారు. పట్టుకారుతో ఇరుసు చివరను మెల్లగా పట్టి తిప్పితే పావు చుట్టు తిరిగి ఒకచోట ఆగింది, వెనక్కి తిప్పితే మరోచోట ఆగింది. అలా రెండు కొసల్లోనూ ఆగితే తలుపు క్షేమంగా ఉన్నట్టు. ఎక్కడా ఆగకుండా బొంగరంలా తిరిగితే ఇరుసో తలుపో విరిగినట్టు, అప్పుడు ఎంత ఖరీదైన మోటారు పెట్టినా ప్రయోజనం లేదు. అటువంటప్పుడు కొన్ని రకాల బళ్ళకు, డ్యాష్‌బోర్డు వెనుక ఉండే ఆ ప్లాస్టిక్ పెట్టెకు కిటికీ కోసి లోపల లోహపు తలుపు అమర్చే కిట్లు దొరుకుతాయి గానీ, అది వేరే స్థాయి పని.

పాత మోటారును ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి విప్పాను. లోపల వేలి గోరంత విద్యుత్ మోటారు, దాని వేగాన్ని తగ్గించే నాలుగు ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు, తలుపు ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకు చెప్పే నల్లని కార్బన్ పట్టీ, దాని మీద రాసుకుంటూ జరిగే రాగి రేకు ఉన్నాయి. మూడవ చక్రంలో వరుసగా రెండు పళ్ళు లేవు. ఎండిపోయిన గ్రీజులో ఒక పన్ను గసగసాల గింజలా అంటుకుని దొరికింది. చక్రం తిరుగుతూ ఆ బోసి చోటికి వచ్చినప్పుడల్లా జారి వెనక్కి పడుతుంది, మాకు వినిపించిన చప్పుడు అదే. ఆ తరువాత కుతూహలం కొద్దీ కొన్న రెండవ కొత్త మోటారునూ విప్పి పోల్చాను. చక్రాల వెడల్పు పాతదానితో సమానంగానే ఉంది, గ్రీజు కొంచెం ఎక్కువగానే పూశారు. అతుకుల పని మాత్రం నాసిగా ఉంది: స్క్రూ రంధ్రాల చుట్టూ అచ్చులో మిగిలిపోయిన ప్లాస్టిక్ అంచును చాకుతో గీకితే గాని స్క్రూ లోపలికి దిగలేదు.

ఇప్పుడు నా పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఈ సరుకుకు ఒక్క నక్షత్రం ఇచ్చినవారిలో చాలామంది ఇదే పొరపాటు చేసి ఉంటారని నా అనుమానం. కొత్త మోటారు బిగించి, బ్యాటరీ తగిలించి, తాళం తిప్పి, ఆత్రం కొద్దీ వెంటనే ఏసీ మీట నొక్కి ఫ్యాను పెంచాను. వేడిగాలే వచ్చింది. సరుకు పాడైనదని నిశ్చయించుకుని, వాపసు కోసం అర్జీ సగం నింపాను కూడా. నిజానికి బ్యాటరీ తగిలించిన తరువాత మొదటిసారి తాళం తిప్పినప్పుడు మా బండి కంప్యూటరు ప్రతి తలుపునూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిపి హద్దులను గుర్తుపెట్టుకుంటుంది. ఆ కాసేపూ ఏ మీటా ముట్టుకోకూడదు. ఏసీ ఫ్యూజు ఒక నిమిషం తీసి ఉంచి, తిరిగి పెట్టి, మళ్ళీ తాళం తిప్పి, ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని నిమిషం పైగా కూర్చుంటే, సన్నగా గుయ్యిమన్న చప్పుడు ఒకటి ఆ చివరికీ ఈ చివరికీ పోయి వచ్చింది. ఐదు నిమిషాల్లో నా వైపు థర్మామీటరు 47కు దిగింది. మోటారును ఇరుసుకు బిగించకముందే తీగ తగిలించి తాళం తిప్పడం కూడా తప్పే, ఆపడానికి తలుపు లేక అది తన హద్దు దాటి తిరిగిపోవచ్చు.

ఇంత కీలకమైన సంగతి పెట్టెలోని కాగితంలో లేకపోవడం తయారీదారుల మీద నాకున్న మొదటి ఫిర్యాదు. ఆ కాగితంలో ఉన్నదల్లా నిపుణుల చేత బిగించుకోమన్న సలహా ఒక్కటే. రెండవది గ్యారంటీ. ఏడాది అని పెద్ద అక్షరాల్లో రాశారు, కానీ షరతులు చదివితే లైసెన్సు ఉన్న గ్యారేజీ ఇచ్చిన బిల్లు జతచేయాలట. ఇంట్లో బిగించుకునేవారికే అమ్ముతూ గ్యారేజీ బిల్లు అడగడం కన్నా, గ్యారంటీ లేదని చెప్పడమే నిజాయితీగా ఉండేది. మూడవది చిన్నది: రేడియో ఆపి ఉన్నప్పుడు ఈ మోటారు తిరిగే చప్పుడు వినబడుతుంది, అసలు కంపెనీ మోటారు వినబడేది కాదు.

కొనేవారు బండి పేరు, సంవత్సరం మాత్రమే చూసి ఆర్డరు పెట్టకుండా పాత మోటారు ఊడదీసి దాని మీది నంబరు సరిచూసుకోవాలి. ఒకే సంవత్సరపు ఒకే బండిలో కూడా ఆటోమేటిక్ ఏసీకి ఒక రకం, మామూలు ఏసీకి మరో రకం ఉండవచ్చు, తీగల కనెక్టరులో పిన్నుల సంఖ్యే వేరు కావచ్చు. మోటారు గ్లవ్ బాక్స్ వెనుకనో, పెడళ్ళ పక్కనో ఉంటే ఇది ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని. డ్యాష్‌బోర్డు మొత్తం దించవలసిన చోట ఉంటే మాత్రం ఆ 540 డాలర్లు ఇచ్చి చేయించుకోవడమే మేలు, ఆ అడిగిన ధరకు అప్పుడు న్యాయం కూడా ఉంటుంది.

ఐదింటికి మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. ఒక్క నక్షత్రం ఆ కాగితానికీ గ్యారంటీకీ కలిపి తగ్గించాను, సగం ఆ నాసి అతుకులకు. పద్నాలుగు నెలలుగా, రెండు వేసవుల ఎండల్లో, నా వైపు తలుపు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. పోయిన వారం నుంచి పక్క సీటు వైపు టక్ టక్ మొదలైంది. విప్పి చూసి తిరిగి మూసిన ఆ రెండవ మోటారు సొరుగులోనే ఉంది. సంక్రాంతికి నాన్నగారు మళ్ళీ వస్తారు గానీ, ఈ ఎండల్లో మా ఆవిడ అంతదాకా ఆగేట్టు లేదు.