బంటితో కృష్ణ ఒడ్డున: సోమశిల, జూరాల, గద్వాల, అలంపురం

గద్వాలలో మేం ముందే బుక్ చేసుకున్న లాడ్జి సంగతి మొదట చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుని సోమశిల అందాల గురించి రాయడం నా వల్ల కాదు.

మా బంటి నల్ల నాటు కుక్క. ఇంట్లో మనిషిలాగే పెరిగింది, తెలియనివాళ్లను చూసి మొరగదు, గదిలో మూలన బొంత వేస్తే తెల్లారేదాకా కదలదు. సంక్రాంతి సెలవుల్లో దాన్ని ఎవరింట్లోనో కట్టేసి వెళ్లడం ఇష్టం లేక వెంట తీసుకెళ్లాలనుకున్నాం. అందుకే వారం ముందే మా ఆయన లాడ్జికి ఫోన్ చేసి, "మాతో కుక్క ఉంటది, రూములోనే పడుకుంటది, మీకేం అభ్యంతరం లేదు కదా?" అని స్పష్టంగా అడిగారు. "ఏం పర్లేదు సార్, తీసుకురండి" అన్నారు. రూముకు 1,400 చొప్పున రెండు రూములు, 2,800. అందులో 1,000 అడ్వాన్సు అప్పటికప్పుడే ఫోన్‌పే చేయించుకున్నారు.

తీరా రాత్రి ఎనిమిదిన్నరకు సామాన్లతో సహా దిగితే, కౌంటర్లో ఉన్నతను బంటిని చూసి తల అడ్డంగా ఊపాడు. "కుక్కను రానివ్వం మేడం, ఓనర్ ఒప్పుకోరు." ఫోన్లో అడిగాం కదా అంటే, "చిన్న కుక్క అనుకున్నం" అన్నాడు. ఎంత పెద్దదని వాళ్లు అడగనే లేదు. ఓనరుతో మాట్లాడించమంటే ఆయన పడుకున్నారన్నాడు. కాసేపయ్యాక తనే బేరం మొదలుపెట్టాడు: ఇంకో 500 ఇస్తే వెనకాల జనరేటర్ పక్కన కట్టేసుకోవచ్చట. అంటే డబ్బులిస్తే ఓనర్ ఒప్పుకుంటారన్నమాట! ఆ జనరేటర్ మోతలో, ఆ డీజిల్ కంపులో రాత్రంతా కుక్కను కట్టేయాలని చెప్పడానికి నోరెలా వచ్చిందో. అడ్వాన్సు వెనక్కివ్వమంటే, "క్యాన్సిల్ చేస్తున్నది మీరే కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా అత్తమ్మ నల్గొండ దాటినప్పటి నుంచీ "గుడికి పోతూ కుక్కనెందుకు?" అని గొణుగుతూనే ఉంది. అలాంటి మనిషి కౌంటర్ దగ్గరికొచ్చి, "పైసలు తీసుకున్ననాడు యాదికి లేదా కుక్క? మాటిచ్చి తప్పుడేంది బిడ్డా?" అని గట్టిగా అడిగింది. అతను తలెత్తలేదు. డబ్బులూ ఇవ్వలేదు. ఇప్పటికీ రాలేదు. మా ఆయన గొడవలంటే ఆమడ దూరం ఉండే మనిషి, "పోనీలే" అని కారెక్కేశారు. నాకు పోనీలే అనబుద్ధి కాలేదు, అందుకే ఇంత రాస్తున్నాను.

మరో రెండు చోట్ల అడిగి లేదనిపించుకున్నాక, బస్టాండు వైపు ఒక చిన్న లాడ్జిలో పెద్దాయన బంటి తల నిమిరి, కింది అంతస్తులో చివరి రూము తీసిచ్చాడు. 900 రూపాయలు, బంటికని పైసా ఎక్కువ అడగలేదు. "దుప్పట్ల మీద పండబెట్టకండ్రమ్మా" అని, తనే లోపలి నుంచి ఉతికిన గోనె సంచి తెచ్చి పరిచాడు. నలుగురం ఆ ఒక్క గదిలోనే సర్దుకున్నాం. బాత్రూం కడిగి ఉంది, పొద్దున ఆరింటికల్లా బకెట్టు వేడి నీళ్లు తలుపు ముందుకు వచ్చాయి. టీవీ పని చేయదు. గోడకు సున్నం ఊడింది. నేనైతే ఆ గదికి పదికి పది మార్కులు వేస్తాను.

పెంపుడు జంతువులతో తిరిగేవాళ్లకు నా సలహా ఒక్కటే: ఫోన్లో మాట నమ్మకండి. కుక్క ఫోటో వాట్సాప్‌లో పంపి, సరే అని రాసి పంపమనండి. రాయనంటే అడ్వాన్సు పంపకండి. రేబిస్ టీకా కార్డు వెంట ఉంచుకోండి. మాకు రూమిచ్చిన పెద్దాయన కూడా మొదట అడిగింది టీకా వేయించారా అనే.

ఇక మొదటికొస్తే, నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా కొల్లాపూర్ చేరాం. దారి బాగుంది, చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. రాత్రి మా ఆయన స్నేహితుడి ఇంట్లో పడుకున్నాం. కొల్లాపూర్ అంటేనే మామిడి కదా, చుట్టూ తోటల్లో అప్పుడే పూత మొదలైంది.

తెల్లవారుజామున సోమశిలలో రేవుకు చేరేసరికి నీళ్ల మీద పొగమంచు ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లు ఇక్కడి దాకా నిలుస్తాయి. ఆ నీళ్లలో మునిగిపోతుందనే పాత సోమేశ్వరాలయాన్ని విప్పి, రాయి రాయి తెచ్చి ఒడ్డున మళ్లీ కట్టారు. అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్, ఆ వెనక నల్లమల. నేను వెళ్లింది మాత్రం పుట్టెల కోసం. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా చుట్టి, తారు పూసిన పుట్టెలు అవి. ఒకాయన తన పుట్టెను తల మీద బోర్లించుకుని రేవు దిగుతుంటే కిందనుంచి రెండు కాళ్లు తప్ప మనిషి కనిపించలేదు. ఇంకొకామె వలలోంచి చేపల్ని తీస్తూ, ఇంతింత చిన్నవాటిని మళ్లీ నీళ్లలోకి విసిరేస్తోంది. ఫోటోలు వాళ్లను అడిగే తీశాను. తీసిన ప్రతి ఫోటో కెమెరా వెనక స్క్రీన్ మీద చూపించాను. అడక్కుండా దూరం నుంచి పెద్ద లెన్సుతో లాగేసుకునే పద్ధతి నాకు నచ్చదు. వాళ్ల పని వాళ్లది, మన సరదా మనది.

బంటిని ఫోటో తీయడం వేరే కథ. నల్ల కుక్క వెనకాల మెరిసే నీళ్లుంటే కెమెరా ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని, కుక్కను నల్ల మచ్చగా మార్చేస్తుంది. అందుకని సూర్యుణ్ణి నా వీపు వైపు పెట్టుకుని, ఇసుకలో బోర్లా పడుకుని, దాని కంటి ఎత్తుకు కెమెరా దించుతాను. ఫోకస్ కంటి మీదే ఉండాలి. పరుగెత్తేటప్పుడు షట్టర్ స్పీడు సెకనులో వెయ్యో వంతు. అలా తీసిన ఒక ఫోటోలో ముక్కు మీది నీటి బొట్లు, కంట్లో పడవ నీడ కూడా పడ్డాయి. నా దగ్గరున్నది కెమెరాతో పాటు వచ్చిన మామూలు లెన్సు, ఒక 50 ఎంఎం లెన్సు, అంతే.

పడవ మాట్లాడుకుంటే వెయ్యి అడిగి 600కు ఒప్పుకున్నాడు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని ముందే అడగండి, లేకపోతే ఎంత తగ్గించినా ఎక్కకండి. మాకు తెచ్చిచ్చాడు. అత్తమ్మకు నీళ్లంటే భయం, గుడి మెట్ల మీదే కూర్చుంది. బంటి ఒక్క క్షణం తటపటాయించి పడవలోకి దూకింది.

వనపర్తి మీదుగా వస్తుంటే దారి పొడుగునా పల్లి చేలు. సాయంత్రానికి జూరాల. డ్యాం దగ్గర చేపలు వేయించే దుకాణాల వాసన కారు అద్దాలు మూసినా లోపలికొస్తుంది. మేం తిన్న చోట ప్లేటు 250 రూపాయలు. కృష్ణలో పట్టిన చేప, కారం ఉప్పు పట్టించి కళ్ల ముందే నూనెలో వేశారు. పైన పొర కరకర, లోపల మెత్తన. పొద్దుట్నుంచీ డ్రైవింగుతో విసిగిపోయి ఉన్న మా ఆయన మొదటి ముక్కతోనే మాటల్లో పడ్డారు, రెండో ప్లేటు చెప్పారు. హైదరాబాద్‌లో నాలుగింతలు పెట్టినా ఈ రుచి రాదు. అత్తమ్మ ముట్టలేదు. మర్నాడు అమ్మవారి దర్శనం ఉందని ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నది. బంటికి ముళ్లు తీసిన ఉడికించిన ముక్క ఇవ్వమంటే దుకాణం ఆమె ఉప్పు లేకుండా విడిగా ఉడికించి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు. కుక్కలకు చేప ముళ్లు వేయకండి, గొంతులో గుచ్చుకుంటాయి.

ఆ తర్వాతే లాడ్జి భాగోతం. మర్నాడు పొద్దున అత్తమ్మకు చీర కొందామని ఒక నేతగాళ్ల ఇంటికి వెళ్లాం. యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన గంటలు అవే. "కుక్కను బయట కట్టేస్తాం" అని నేనంటుంటే ఇంటావిడ, "ఎందుకక్కా, గడప కాడ పండుకోనియ్" అంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండు వేర్వేరు పోగుల్ని విడిగా నేసి తర్వాత కుట్టరు, మగ్గం మీదే ఒక్కో పోగు దగ్గర ఒకదాన్నొకటి పెనవేసి కలుపుతారు. ఆమె మధ్యలో నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ మోసే పనిముట్టు, విసురుతుంటే, పక్కన కూర్చున్న కొడుకు అంచు నాడెను అందుకుని వెనక్కి పంపుతున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోరు, చూసుకోరు. చేతులు మాత్రం తప్పవు. పోగు తెగితే ఆమె చూపుడు వేలూ బొటనవేలూ తడి చేసుకుని, నేను గమనించేలోపే ముడి వేసేసింది. ఆ ముడి ఎక్కడుందో చీర తిప్పి చూసినా నాకు కనిపించలేదు.

గదికి ఒకటే కిటికీ. ఫ్లాష్ వేయలేదు, వేస్తే పట్టు మెరుపంతా చచ్చిపోతుంది. వెలుతురు ఎక్కువ పడేలా 50 ఎంఎం లెన్సు పూర్తిగా తెరిచి, తక్కువ వెలుతురుకూ కెమెరా స్పందించేలా ఐఎస్ఓ 1600 పెట్టాను. చేతులు, పోగులు, వెనకాల గడప మీద నిద్రపోతున్న బంటి, ఒకే ఫ్రేములో వచ్చాయి. చీర 6,500. అత్తమ్మ బేరమాడబోయి, మగ్గం వైపు చూసి ఊరుకుంది. ఆమె బేరమాడకుండా కొన్న చీర నేనింతవరకు చూడలేదు. ఆ ఫోటోల్లో మంచివి నాలుగు ప్రింట్లు తీయించి పోస్టులో పంపాను. కాపలా లేకుండా, టికెట్ లేకుండా తమ పనిలోకి, తమ ఇంట్లోకి మనల్ని రానిచ్చారంటే ఆ మాత్రం చేయాలి.

అలంపురంలో అత్తమ్మ మాటలు ఆగలేదు. తాను పెళ్లయిన కొత్తలో వచ్చినప్పుడు జోగులాంబ అమ్మవారు బాలబ్రహ్మేశ్వర స్వామి గుడిలోనే ఉండేదట, ఇంత పెద్ద గుడి లేదట. నిజమే, అమ్మవారికి ఇప్పుడున్న గుడిని 2005లో కట్టారు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి, లోపల కెమెరా తీయకూడదు, తీయాలన్న ఆలోచన కూడా రాకూడదు. కానీ బయట బాదామీ చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయాలు ఉన్నాయి చూడండి, పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద శిల్పాలకు పొద్దుటి ఏటవాలు ఎండ పడాలి. మేం వెళ్లేసరికి పదకొండయింది, రాతిలో నీడలు సగం పోయాయి. ఫోటోల కోసమే అయితే ముందు రాత్రి కర్నూలులోనో అలంపురంలోనో ఉండి ఏడింటికల్లా గుడి దగ్గర ఉండండి. వీడియో కెమెరాలకూ ట్రైపాడ్లకూ వేరే నిబంధనలు ఉంటాయి, ముందే కనుక్కోండి.

బంటిని గుళ్ల ఆవరణలోకి తీసుకెళ్లలేదు, అది న్యాయమే. వంతులేసుకుని తుంగభద్ర గట్టున చెట్టు కింద కూర్చున్నాం. అత్తమ్మ దర్శనం చేసుకొచ్చి, తెచ్చిన కొబ్బరి ముక్కల్లో ఒకటి తనే విరిచి బంటికి పెట్టింది.

తిరుగు దారిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూశాం. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, చెదలకు మందును సెలైన్ సీసాలతో బొట్టు బొట్టుగా ఎక్కించి కాపాడిన చెట్టు అది. దగ్గరికెళ్లి ఊడలు పట్టుకోవాలనుకునేవాళ్లకు నిరాశే, కంచె బయటి నుంచే చూడాలి. చెట్టు బతకాలంటే అదే మంచిది.

పెట్రోలుకు 3,800, పడవకు 600, చేపలకు 750, రూముకు 900, లాడ్జివాళ్లు మింగిన 1,000, టిఫిన్లూ భోజనాలూ కలిపి 1,600. చీర లెక్కలోకి తీసుకోవట్లేదు. మీరూ కుక్కతో వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి దాటనివ్వకండి. మార్చి వచ్చిందంటే సోమశిల రేవు రాళ్ల మీద మధ్యాహ్నం దాని పాదాలు కాలిపోతాయి, ఎంత ఏసీ ఉన్నా కారులో ఒంటరిగా వదిలి గుడికి వెళ్లడానికి వీలుండదు.