లక్నవరం, జన్నారం: చలిలో ఏటీవీ ఎక్కేవాళ్ల బట్టల సంగతి

సంక్రాంతి సెలవులకు హనుమకొండ నుంచి పిల్లలతో బయల్దేరి లక్నవరం చెరువు, జన్నారం అడవి చూసొచ్చాం. దారిలో ఒక ప్రైవేటు రిసార్ట్‌లో ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) కూడా నడిపాం.

లక్నవరంలో వేలాడే వంతెన, దీవి మీది కాటేజీలు పిల్లలకు బాగా నచ్చాయి. చలికి స్వెటర్ చాలు, పడవలో మాత్రం చెవులు కప్పాలి.

ఏటీవీ దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. టికెట్ తీసుకుని హెల్మెట్ చేతికిచ్చారు, అంతే. మా మరదలు చలికని మెడకు చున్నీ చుట్టుకుని, కొసలు వెనక్కి వదిలేసి కూర్చుంది. ఆ బండికి వెనక చక్రాలు మనిషి పక్కనే తిరుగుతుంటాయి. చున్నీ కొస ఇరుసుకు చుట్టుకుంటే మెడ బిగుసుకుపోతుంది, విప్పుకునే టైమ్ ఉండదు. అక్కడివాళ్లు ఒక్క మాట అనలేదు. నేనే ఆపి తీయించాను. మఫ్లర్, శాలువా, తువ్వాల ఏదైనా అంతే. మెడకు చలి వేస్తే జిప్ పైదాకా వచ్చే జాకెట్ వేసుకోండి.

మందపాటి మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెడితే తలకు సరిగ్గా కూర్చోదు. పల్చటి ముసుగైతే ఇబ్బంది లేదు. ఏటీవీలో యాక్సిలరేటర్ బొటనవేలితో నొక్కాలి. వేలు మొద్దుబారితే ఎంత నొక్కుతున్నామో తెలియదు. ఉన్ని గ్లౌజుల్లోంచి గాలి దూరుతుంది, పట్టు కూడా జారుతుంది. బైకు నడిపేవాళ్లు వాడే గ్లౌజులే మేలు. చెప్పులతో అసలు ఎక్కొద్దు. బండి ఒరిగితే బైకు అలవాటుకొద్దీ కాలు కింద పెడతాం, వెనక చక్రం దాని మీదికి ఎక్కేస్తుంది. చీలమండ దాటే బూట్లు వేసుకుని, కాళ్లు ఫుట్‌రెస్ట్ మీదే ఉంచాలి. పదహారేళ్ల లోపు పిల్లలు నడపకూడదని పెద్దల సైజు ఏటీవీల మీద కంపెనీలే హెచ్చరిక అంటిస్తాయి. మావాడు ఎంత మారాం చేసినా ఇవ్వలేదు.

జన్నారం సఫారీ వేరే లెక్క. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అడవిలో, తెల్లవారే వేళ ఓపెన్ జీపులో తిప్పుతారు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో జనవరి తెల్లవారుజాములు 10 డిగ్రీల లోపుకు పోవడం మామూలే. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 6 డిగ్రీల్లా ఉంటుంది. అడవిలో జీపు నిదానంగానే పోతుంది కానీ, గది నుంచి గేటు దాకా బైకు మీద వెళ్లేవాళ్లకు ఆ చలి తెలుస్తుంది. చెమట పట్టిన కాటన్ బనీను ఆరక ఒంటిని ఇంకా చల్లబరుస్తుంది. లోపల థర్మల్, దాని మీద స్వెటర్, పైన గాలి దూరని జాకెట్ వేసుకుంటే హాయిగా ఉంటుంది. మా డ్రైవర్ ముందురోజు సాయంత్రమే ఈ మాట చెప్పి పంపాడు. ఈ ట్రిప్‌లో నాకు బాగా నచ్చిన సర్వీస్ అదే.

ఆ రెండు చోట్లకూ మళ్లీ వెళ్తాను. ఏటీవీకైతే మాత్రం ముందే ఫోన్ చేసి, అందరి సైజుల్లో హెల్మెట్లు, గ్లౌజులు, కళ్లద్దాలు ఉన్నాయా అని అడుగుతాను. లేవంటే డబ్బు కట్టను.