నాలుగేళ్లుగా ఇంటి కాపలా పాత కంప్యూటర్‌దే: మోషన్ అలర్టులపై నా అనుభవం

అమ్మానాన్న ఉండే ఇంటి చుట్టూ నాలుగు ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ ద్వారా వీడియో పంపేవి), మూల గదిలో ఒక పాత డెస్క్‌టాప్, వేరే ఊళ్లో నా ఫోన్. నాలుగేళ్లుగా నా సెటప్ ఇదే. వీడియో మన దగ్గరే ఉండాలని, నెలనెలా క్లౌడ్ చందాకు ముడిపడకూడదని ఈ దారి పట్టాను. రికార్డింగ్ మొదటి నుంచీ బాగానే ఉంది. కదలిక కనిపిస్తే ఫోన్‌కి వచ్చే అలర్టులను నమ్మగలిగే స్థితికి రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. అందుకే ఈ సమీక్షంతా వాటి గురించే.

మొదట వాడిన సాఫ్ట్‌వేర్ వరుస ఫ్రేములను పోల్చి, ఎన్ని పిక్సెళ్లు మారాయో లెక్కపెట్టేది. హద్దు దాటితే అలర్ట్. మనిషికీ కొమ్మ నీడకూ తేడా దానికి తెలీదు. మబ్బు కమ్మినా, చీకటిపడి కెమెరా రంగుల నుంచి బ్లాక్ అండ్ వైట్‌కి మారినా దాని లెక్కలో కదలికే. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది సాలీడు. రాత్రి చీకట్లో చూడటానికి కెమెరా వేసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుతురుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు లెన్స్ ముందే గూడు కడుతుంది. గాలికి ఒక్క పోగు ఊగితే చాలు, స్క్రీన్‌కి అడ్డంగా తెల్లటి తాడులా మెరుస్తుంది. ఒక రాత్రి రెండున్నరకు మొదలై తెల్లారేలోగా 118 అలర్టులు వచ్చాయి. అన్నిట్లోనూ అదే పోగు. ఆ వారమంతా ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. అలర్టులు ఎక్కువైతే అసలు నష్టం అదే, చూడటం మానేస్తాం.

చెట్టునూ రోడ్డునూ మాస్క్ చేశాను (అంటే ఆ భాగాల్లో కదలికను పట్టించుకోవద్దని చెప్పాను), సెన్సిటివిటీ తగ్గించాను. అలర్టులు సగానికి తగ్గాయి. కానీ ఇంటికి వెళ్లినప్పుడు చీకట్లో గోడవారగా నేనే నడిచి చూస్తే, నన్ను పట్టుకోలేదు. అంటే ఒక తప్పును తగ్గించబోయి అంతకంటే పెద్ద తప్పు తెచ్చుకున్నానన్నమాట. నిజంగా పనిచేసింది ఒక చిన్న మార్పు: కెమెరాలోని ఐఆర్ ఆపేసి, నాలుగడుగుల దూరంలో విడిగా ఐఆర్ దీపం పెట్టడం. పురుగులు అటు వెళ్లాయి, వాటి వెంట సాలీడూ వెళ్లింది.

రెండేళ్ల క్రితం ఆ కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఫ్రిగేట్ అనే కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారాను. ఇది ఓపెన్ సోర్స్. ముందు కదలిక ఉందా అని చూస్తుంది, ఉంటే ఆ ముక్కను మాత్రమే ఏఐ మోడల్‌కి చూపించి మనిషా, కారా, కుక్కా అని అడుగుతుంది. ఆ గుర్తింపు పని కోసం యూఎస్‌బీ కోరల్ అనే చిన్న పరికరం తగిలించాను, పాత ప్రాసెసర్ మీద భారం బాగా తగ్గింది. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ పొరపాటు చేసే చోటు ఒకటుంది. చాలా ఐపీ కెమెరాలు రెండు స్ట్రీములు (అదే వీడియోను రెండు నాణ్యతల్లో) ఇస్తాయి. గుర్తింపుకి తక్కువ రిజల్యూషన్ సబ్‌స్ట్రీమును సెకనుకు 5 ఫ్రేములతో ఇస్తే చాలు. రికార్డింగ్‌కి మెయిన్ స్ట్రీము వాడండి. రెండిటికీ మెయిన్ స్ట్రీమే ఇస్తే పాత కంప్యూటర్ రోజంతా రొప్పుతూ ఉంటుంది.

నాకు ఇప్పుడు రోజుకు ఆరేడు అలర్టులు వస్తాయి. ప్రతిదీ తెరిచి చూస్తాను. నిరుడు ఒక తెల్లవారుజామున 5:20కి పెరటి కెమెరా నుంచి ఫోటో వచ్చింది. ఆ వేళకి నాన్న కుళాయి దగ్గరికి రావడం రోజూ ఉండేదే. ఫోటోలో మాత్రం ఆయన కుళాయి పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంది, బకెట్ దూరంగా దొర్లి ఉంది. వెంటనే ఫోన్ చేసి, "అమ్మా, నాన్న పెరట్లో పడ్డట్టున్నారు, ఒకసారి చూడు" అన్నాను. మడమ బెణికింది, అంతకు మించి ఏమీ కాలేదు. సాలెపోగు రోజుల్లో అయితే ఆ ఫోటో నేను తెరిచేవాణ్నే కాదు.

అలర్ట్ ఫోన్‌దాకా చేరడం ఇంకో కథ. మొదట్లో ఈమెయిల్ వాడాను. కొన్నిసార్లు పది నిమిషాలు ఆలస్యం. ఒకసారి మెయిల్ సర్వీసు లాగిన్ పద్ధతి మార్చేసింది, మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, యాప్ పాస్‌వర్డ్ (ప్రోగ్రాముల కోసం విడిగా ఇచ్చేది) కావాలంది. నాకు ఆ సంగతి తెలియదు. తొమ్మిది రోజులు ఒక్క అలర్టూ లేదు, నేనేమో అంతా ప్రశాంతంగా ఉందనుకున్నాను. ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఇప్పుడు ఫ్రిగేట్ ఎంక్యూటీటీలో (పరికరాలు ఒకదానికొకటి చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) పంపే సమాచారాన్ని ఒక చిన్న స్క్రిప్ట్ అందుకుని, టెలిగ్రామ్ బాట్ (తనంతట తానే మెసేజ్‌లు పంపే ఖాతా) ద్వారా నాకు ఫోటో పంపుతుంది. బాట్ సంభాషణలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చూడలేని రక్షణ) ఉండదు, ఫోటో టెలిగ్రామ్ సర్వర్ల మీదుగానే వస్తుంది. నా కెమెరాలన్నీ ఇంటి బయటే కాబట్టి ఒప్పుకున్నాను. లోపల కెమెరా పెట్టలేదు, పెట్టను.

ఫోటో చూశాక లైవ్ చూడాలనిపిస్తుంది. అలర్ట్ ఇంట్లోంచి బయటికి వెళ్లేది, అందుకే ఏ కనెక్షన్‌లోనైనా వెళ్తుంది. లైవ్ చూడాలంటే మనం బయటి నుంచి లోపలికి రావాలి. రూటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు దాని అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, అది చాలామంది పంచుకునే అడ్రస్. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి రూటర్ దాటి లోపలికి దారి తెరవడం) పనిచేయదు. పనిచేసినా నేను చేయమనను. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా నెట్‌కి తెరిచి ఉన్న, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ (వీడియో రికార్డర్లనూ) లక్షల్లో పట్టుకుంది. నేను టెయిల్‌స్కేల్ వాడుతున్నాను, అది నా ఫోన్‌నీ ఇంటి కంప్యూటర్‌నీ ప్రైవేటుగా కలిపే వీపీఎన్. ఒక్క పోర్టూ తెరవలేదు.

ఆ తొమ్మిది రోజుల తర్వాత నేను చేసిన ముఖ్యమైన పని హార్ట్‌బీట్ పెట్టడం. కంప్యూటర్ ప్రతి 5 నిమిషాలకు బయటి సర్వీసుకి 'ఉన్నాను' అని చెబుతుంది. 15 నిమిషాలు చెప్పకపోతే ఆ సర్వీసే నాకు మెసేజ్ పంపుతుంది. కంప్యూటర్ బతికే ఉండి కెమెరా ఒక్కటే ఆగిపోవచ్చు కాబట్టి, ప్రతి కెమెరా నుంచి ఫ్రేములు వస్తున్నాయో లేదో కూడా స్క్రిప్ట్ చూస్తుంది. బయాస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) కరెంటు రాగానే కంప్యూటర్ ఆన్ అయ్యేలా పెట్టండి. యూపీఎస్‌కి కంప్యూటర్‌తోపాటు రూటర్, కెమెరాల స్విచ్ కూడా తగిలించండి. ఫోన్‌లో టెలిగ్రామ్ యాప్‌కి బ్యాటరీ సేవింగ్ తీసేయండి, లేకపోతే రాత్రి అలర్ట్ పొద్దున వస్తుంది.

లోపాలు లేవని కాదు. దండెం మీద ఆరేసిన చొక్కా గాలికి ఊగితే ఇప్పటికీ అప్పుడప్పుడు మనిషి అంటుంది. జోరువాన రాత్రుల్లో దూరంగా ఉన్న మనిషిని వదిలేస్తుంది. లినక్స్ ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకి దీన్ని నేను సూచించను. విండోస్‌లో బ్లూ ఐరిస్ లాంటి కెమెరా సాఫ్ట్‌వేర్లు తేలిక, వాటిలోనూ మనిషిని గుర్తించే ఏర్పాటు ఉంది.

నెలనెలా మొదటి ఆదివారం అమ్మ గేటు దాకా నడిచి, ఫోన్‌లో "వచ్చిందా?" అని అడుగుతుంది. నేను సెకన్లు లెక్కపెడతాను. ఈ నెల నాలుగు సెకన్లలో వచ్చింది.